కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ప్రైవేటు ఉన్నత విద్య: విద్యార్థి జీవితం, క్యాంపస్ సంస్కృతి

ఉత్తర తెలంగాణలోని పూర్వ కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ప్రైవేటు ఉన్నత విద్య 1990ల చివరి నుంచి వేగంగా విస్తరించింది. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. ఆదిలాబాద్ నుంచి నిర్మల్, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలు వచ్చాయి. తెలంగాణలో 2020లో తొలి విడతగా అనుమతి పొందిన ఐదు ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో ఏదీ ఈ రెండు పూర్వ జిల్లాల్లో లేదు. వాటిలో ఈ ప్రాంతానికి దగ్గరిది వరంగల్ వైపు హసన్‌పర్తి మండలం అనంతసాగర్‌లోని ఎస్ఆర్ విశ్వవిద్యాలయం. అందువల్ల ఇక్కడి క్యాంపస్ జీవితం చాలావరకు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు అనుబంధంగా నడిచే ప్రైవేటు కాలేజీల్లోనే కనిపిస్తుంది. రోజూ ఇంటి నుంచి వచ్చిపోయే విద్యార్థులు, ఫీజు రీయింబర్స్‌మెంటు, గ్రామీణ పండుగలు, ఉద్యమాల వారసత్వం ఈ సంస్కృతికి ప్రత్యేక రూపాన్నిచ్చాయి. నాలుగు గోడల మధ్య తనదైన లోకంగా ఉండే క్యాంపస్ ఇక్కడ తక్కువ. ఊరు కాలేజీ లోపలికి వస్తుంది, కాలేజీ ఊళ్లోకి వెళుతుంది.

చారిత్రక నేపథ్యం

కరీంనగర్‌లో ఆధునిక ఉన్నత విద్యకు మూలస్తంభం శ్రీ రాజరాజేశ్వర ప్రభుత్వ కళాశాల. జనం ఎస్సారార్ కాలేజీ అంటారు. 1956లో మొదలైన ఈ కాలేజీకి కవిసమ్రాట్ విశ్వనాథ సత్యనారాయణ 1959-61 మధ్య ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. తర్వాత 1970లో ఆయనకు జ్ఞానపీఠ పురస్కారం వచ్చింది. ఈ కాలేజీ మైదానం తరగతులకు ఎంత దగ్గరో బహిరంగ సభలకూ అంతే దగ్గర. తెలంగాణ రాష్ట్ర సమితి 2001 మే 17న సింహగర్జన సభను జరిపింది ఇక్కడే.

ఆదిలాబాద్ కథ వేరుగా మొదలైంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం మరణించాక, గోండుల స్థితిగతులను అధ్యయనం చేయడానికి నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫ్యూరర్ హైమండార్ఫ్‌ను పంపింది. ఆయన కృషితో 1943లో మార్లవాయిలో గోండి ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం వెలిసింది. అడవి ప్రాంతంలో చదువు పిల్లల సొంత భాషలో మొదలవ్వాలన్న ఆలోచన ఆ కేంద్రానికి పునాది. తర్వాతి దశాబ్దాల్లో తెలుగు, ఇంగ్లీషు మాధ్యమాలు విస్తరించడంతో ఉన్నత విద్యలో గోండి, కొలామీ భాషలకు చోటు లేకుండా పోయింది.

1976లో వరంగల్‌లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక రెండు జిల్లాల డిగ్రీ కాలేజీలు దాని పరిధిలోకి వచ్చాయి. 2008లో కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం ఏర్పడటంతో ఇక్కడి కాలేజీలు దాని కిందికి మారాయి, ఆదిలాబాద్ కాలేజీలు కాకతీయ పరిధిలోనే కొనసాగాయి. అదే ఏడాది బాసరలో రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం (ట్రిపుల్ ఐటీ) ప్రాంగణం, ఆదిలాబాద్ పట్టణంలో రిమ్స్ వైద్య కళాశాల వచ్చాయి. ఈ నాలుగూ ప్రభుత్వ సంస్థలే. వీటి పక్కనే, చాలాచోట్ల వీటి కంటే ముందే, ప్రైవేటు కాలేజీలు వేళ్లూనుకున్నాయి.

సంస్థల స్వరూపం

ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలు ఎక్కువగా కరీంనగర్ పట్టణానికి దక్షిణంగా, హైదరాబాద్ వెళ్లే రాజీవ్ రహదారి పొడవునా తిమ్మాపూర్, నుస్తులాపూర్ ప్రాంతాల్లో, దిగువ మానేరు జలాశయానికి దగ్గరగా ఉన్నాయి. హుజూరాబాద్ దగ్గరి సింగాపూర్‌లో, పెద్దపల్లిలో కూడా కాలేజీలు వెలిశాయి. పట్టణంలో స్థలం ఖరీదు కావడం, అఖిల భారత సాంకేతిక విద్యామండలి నిబంధనల ప్రకారం ఎకరాల కొద్దీ భూమి చూపాల్సి రావడం వల్ల ఇవి రహదారి పక్క పొలాల్లో లేచాయి. ఎదురుగా ఒక చాయ్ హోటల్, ఒక జిరాక్స్ దుకాణం, బస్సు ఆగే చెట్టు నీడ కలిస్తే అదే కాలేజీ స్టేజీ.

వైద్య విద్యలో కరీంనగర్‌కు రెండు ప్రైవేటు సంస్థలున్నాయి. బొమ్మకల్‌లోని చల్మెడ ఆనందరావు వైద్య విజ్ఞాన సంస్థ, నగునూరులోని ప్రతిమ వైద్య విజ్ఞాన సంస్థ రెండూ 2000 దశకం తొలినాళ్లలో మొదలయ్యాయి. బోధనాసుపత్రులు ఆవరణలోనే ఉండటం, విద్యార్థులు హాస్టళ్లలో ఉండటం వల్ల పూర్తి స్థాయి ఆవాస క్యాంపస్‌కు ఇవే దగ్గరి ఉదాహరణలు. ఇతర ప్రాంతాల నుంచి వచ్చిన మెడికోలు వార్డుల్లో ముందుగా నేర్చుకునేది పల్లె రోగుల మాట. కడుపుల నొస్తుంది, కండ్లు తిరుగుతున్నయ్ అని చెప్పుకునే పెద్దమ్మను అర్థం చేసుకోలేకపోతే కేసు షీటు రాయలేరు.

పూర్వ ఆదిలాబాద్‌లో ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీలు తక్కువ. మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్ పట్టణాల్లో డిగ్రీ, బీఈడీ, నర్సింగ్ కాలేజీలదే పైచేయి. ఇంజినీరింగ్ చదవాలనుకునే మంచిర్యాల, బెల్లంపల్లి పిల్లలు కరీంనగర్‌కో, వరంగల్‌కో, హైదరాబాద్‌కో వెళతారు.

ఎస్ఆర్ విశ్వవిద్యాలయం 2002లో ఇంజినీరింగ్ కాలేజీగా మొదలై, 2018 నాటి తెలంగాణ ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం కింద 2020లో విశ్వవిద్యాలయమైంది. అనుబంధ కాలేజీకీ దీనికీ ఉన్న తేడా విద్యార్థి రోజువారీ బతుకులోనే తెలుస్తుంది. అనుబంధ కాలేజీలో సిలబస్, ప్రశ్నపత్రం, డిగ్రీ పట్టా బయటి విశ్వవిద్యాలయం నుంచి వస్తాయి. ప్రైవేటు విశ్వవిద్యాలయంలో పాఠ్యాంశాల ఎంపిక, పరీక్షలు, ఫీజు, ప్రవేశ పరీక్ష అన్నీ సంస్థ చేతిలోనే ఉంటాయి. చట్టం ప్రకారం 25 శాతం సీట్లు తెలంగాణ విద్యార్థులకు కేటాయించాలి. విద్యార్థుల కొత్త ఆలోచనలను వ్యాపారాలుగా మలిచే ఇంక్యుబేషన్ కేంద్రాన్ని ఈ సంస్థ కాలేజీగా ఉన్న రోజుల్లోనే నెలకొల్పింది.

ప్రవేశాలు, ఫీజులు

ఇంజినీరింగ్, ఫార్మసీ ప్రవేశాలు ఎంసెట్ ర్యాంకు మీద జరుగుతాయి. 2024 నుంచి దాని పేరు ఈఏపీసెట్. డిగ్రీ ప్రవేశాలకు 2016లో దోస్త్ అనే ఆన్‌లైన్ విధానం వచ్చింది. కన్వీనర్ కోటా సీట్లు కౌన్సెలింగ్‌లో భర్తీ అవుతాయి, యాజమాన్య కోటా సీట్లను కాలేజీలే నింపుకుంటాయి.

ఈ ప్రాంతంలో ప్రైవేటు విద్యను సామాన్యుల ఇంటిదాకా తెచ్చింది ఫీజు రీయింబర్స్‌మెంటు పథకం. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వ కాలంలో 2008 ప్రాంతంలో విస్తృత రూపం తీసుకున్న ఈ పథకం వల్ల సిరిసిల్ల మరమగ్గాల కార్మికుల, కోరుట్ల, నిర్మల్ బీడీ కార్మికుల, గోదావరిఖని బొగ్గుగని కార్మికుల పిల్లలు వేల సంఖ్యలో ఇంజినీరింగ్ మెట్లెక్కారు. కుటుంబ ఆదాయం గ్రామాల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షల రూపాయలు మించని వెనుకబడిన తరగతుల విద్యార్థులు దీనికి అర్హులు. ఎస్సీ, ఎస్టీలకు పరిమితి 2 లక్షలు. ఇంజినీరింగ్‌లో 10,000 లోపు ర్యాంకు వచ్చిన బీసీ విద్యార్థికి మొత్తం ఫీజు, ఆపై ర్యాంకుకు ఏడాదికి 35,000 రూపాయల వరకు ప్రభుత్వం భరిస్తుంది. బస్సు ఫీజు ఇందులోకి రాదు. కాలేజీ ఎంత దూరమైతే అంత ఖర్చు ఇంటిదే.

ఈ పథకం చుట్టూ ఒక పదజాలమే పుట్టింది. ట్యూషన్ ఫీజును ఆర్టీఎఫ్ అని, నెలవారీ భోజన ఖర్చును ఎంటీఎఫ్ అని విద్యార్థులు పిలుస్తారు. ఏటా స్కాలర్‌షిప్పుల వెబ్‌సైటు ఈపాస్‌లో రెన్యూవల్ చేసుకోవడం, మీసేవలో ఆదాయ ధ్రువపత్రం తీసుకోవడం, వేలిముద్ర పడకపోతే మళ్లీ తిరగడం విద్యాసంవత్సరంలో భాగమైపోయాయి. ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యమైతే ఆ భారం విద్యార్థి మీద పడుతుంది. కోర్సు పూర్తయినా బకాయి కడితేనే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇస్తామని యాజమాన్యాలు పట్టుబట్టడం రాష్ట్రమంతటా ఉన్న ఫిర్యాదు. బకాయిలు విడుదల చేయాలంటూ 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలే బంద్ పాటించాయి.

గల్ఫ్ వలస కూడా ఈ చదువులకు దన్ను. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల నుంచి దుబాయి, మస్కట్, సౌదీ వెళ్లిన తండ్రులు పంపిన డబ్బే చాలా ఇళ్లలో పిల్లల హాస్టల్ ఫీజు. ఆ ఇళ్లలో కాలేజీ వ్యవహారాలన్నీ తల్లి చూసుకుంటుంది. పేరెంట్స్ మీటింగ్‌కు ఆమే వస్తుంది, మార్కులు తక్కువైతే తండ్రికి వీడియో కాల్‌లో సంజాయిషీ చెప్పేదీ ఆమే.

రాకపోకలు

డే స్కాలర్ విద్యార్థి రోజు తెల్లవారక ముందే మొదలవుతుంది. కాలేజీ బస్సులు జగిత్యాల, సిరిసిల్ల, హుజూరాబాద్, పెద్దపల్లి, గోదావరిఖని దిక్కుల నుంచి ఉదయం ఏడు గంటలకే బయలుదేరతాయి. బస్సులో కూర్చునే చోటుకూ ఒక పద్ధతి ఉంది. ముందు వరుసలు లెక్చరర్లవి, ఆ తర్వాతివి అమ్మాయిలవి, చివరి వరుస సీనియర్లది. ఫస్టియర్ విద్యార్థి చివరి సీటుకు చేరాలంటే మూడేళ్లు పడుతుంది. దారిలోనే ఒడిలో పుస్తకం పెట్టుకుని ల్యాబ్ రికార్డులు రాసేస్తారు. స్పీడు బ్రేకర్ దగ్గర గీత వంకరపోయిన సర్క్యూట్ బొమ్మలు ఏ రికార్డులోనైనా కనిపిస్తాయి. పరీక్షల రోజుల్లో బస్సంతా నిశ్శబ్దం, మిగతా రోజుల్లో స్పీకరు పాటలు. పుట్టినరోజు కేకులు కోసేది, స్నేహాలు, ప్రేమలు మొదలయ్యేది కూడా తరగతి గది కంటే బస్సులోనే ఎక్కువ.

ఆర్టీసీ బస్సు పాసు మీద వచ్చేవాళ్లు మరో వర్గం. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక, పాసు డబ్బులు లేవన్న కారణంతో అమ్మాయిల చదువు దగ్గరి కాలేజీకే పరిమితం కావాల్సిన పని తప్పింది. దాంతో పాటే ఉదయం పూట బస్సుల్లో రద్దీ పెరిగింది. ఫుట్‌బోర్డు మీద వేలాడే అబ్బాయిలు, అదనపు బస్సు వేయాలని డిపో ముందు ధర్నాలు ఈ ప్రాంతపు విద్యార్థులకు కొత్త కాదు.

కాజీపేట-బల్లార్షా రైలు మార్గం సింగరేణి ప్రాంతపు విద్యార్థులకు ఆధారం. సిర్పూర్ కాగజ్‌నగర్, బెల్లంపల్లి, మంచిర్యాల, రామగుండం, పెద్దపల్లి, జమ్మికుంట మీదుగా వెళ్లే భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్ వైపు కాలేజీలకు పోయేవాళ్లు, సెలవులకు హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు కలుస్తారు. పెద్దపల్లి నుంచి కరీంనగర్, జగిత్యాల మీదుగా నిజామాబాద్ వరకు రైలు మార్గం 2017లో పూర్తయింది.

వసతి, భోజనం

కాలేజీ హాస్టళ్లు తక్కువ కాబట్టి దూరపు విద్యార్థులు పట్టణంలో గదులు అద్దెకు తీసుకుంటారు, లేదా ప్రైవేటు హాస్టళ్లలో చేరతారు. కరీంనగర్‌లో మంకమ్మతోట, జ్యోతినగర్, విద్యానగర్ వంటి పేటల్లో ఇంటర్, కోచింగ్ విద్యార్థులతో పాటు డిగ్రీ, బీటెక్ వాళ్లు ఉంటారు. నలుగురు కలిసి ఒక గది తీసుకుంటే ఒకరు బియ్యం ఊరి నుంచి తెస్తారు, మరొకరు పచ్చడి జాడీ తెస్తారు. వంట వంతులవారీగా నడుస్తుంది. అంట్లు తోమే వంతు దగ్గరే తగాదాలు వస్తాయి.

ప్రభుత్వ ఎస్సీ, ఎస్టీ, బీసీ కాలేజీ హాస్టళ్లు పేద విద్యార్థులకు ప్రధాన ఆసరా. ప్రైవేటు కాలేజీలో చదువుతూ ప్రభుత్వ హాస్టల్లో ఉండటం ఇక్కడ మామూలే. మెస్ చార్జీలు, సన్నబియ్యం, నీళ్ల పప్పు మీద జరిగే గొడవలే చాలామందికి మొదటి రాజకీయ పాఠం. ఆదివారం చికెన్ రోజు వార్డెన్ మీద ఉన్న కోపం కొంత చల్లారుతుంది.

పూర్తి ఆవాస విద్యకు ప్రభుత్వ రంగంలో ఉదాహరణ బాసర ట్రిపుల్ ఐటీ. పదో తరగతి పూర్తిచేసిన గ్రామీణ విద్యార్థులు ఆరేళ్ల సమీకృత కోర్సులో చేరతారు. ప్రభుత్వ బడుల పిల్లలకు ఎంపికలో అదనపు పాయింట్లు కలుపుతారు. పదహారేళ్లకే ఇల్లు విడిచి వేలమంది ఒకేచోట ఉండే ఈ క్యాంపస్‌లో భోజనం, నీళ్లు, బోధకుల కొరత వంటివి అందరి సమస్యలవుతాయి. 2022 జూన్‌లో విద్యార్థులు శాశ్వత వైస్ చాన్సలర్ నియామకం సహా 12 డిమాండ్లతో వారం రోజుల పాటు ఎండలో, వానలో బైఠాయించారు. చివరికి విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి క్యాంపస్‌కు వచ్చి రాత్రి పొద్దుపోయేదాకా చర్చించాక ఆందోళన ముగిసింది. బయటి పార్టీల జెండాలు లేకుండా, విద్యార్థులే కమిటీగా ఏర్పడి క్రమశిక్షణతో నడిపిన ఉద్యమంగా అది గుర్తుండిపోయింది. అదే విద్యార్థులు విడివిడి ఊళ్ల నుంచి బస్సుల్లో వచ్చిపోయే డే స్కాలర్లయితే సాయంత్రం అయిదింటికల్లా ధర్నా చెదిరిపోయేది. ప్రైవేటు కాలేజీల్లో అలాంటి సుదీర్ఘ ఆందోళనలు అరుదు కావడానికి యాజమాన్యాల కట్టడితో పాటు ఈ తేడా కూడా ఒక కారణం.

చదువు, పరీక్షలు

ఇంజినీరింగ్ కాలేజీలు జేఎన్‌టీయూ హైదరాబాద్‌కు అనుబంధంగా ఉన్నాయి. సెమిస్టరుకు రెండు మిడ్ పరీక్షలు, ఒక ఎక్స్‌టర్నల్ ఉంటాయి. 75 శాతం హాజరు తప్పనిసరి. 65 నుంచి 75 మధ్య ఉంటే వైద్య కారణాలు చూపి కండోనేషన్ ఫీజు కట్టాలి, 65 కంటే తగ్గితే ఆ సెమిస్టరు డిటెన్షన్. వరినాట్లు, పత్తి ఏరే రోజుల్లో ఇంటి పనికి ఆగిపోయే విద్యార్థులకు ఈ లెక్క కష్టంగా ఉంటుంది. హాజరు తగ్గితే ఆర్టీఎఫ్ కూడా ఆగుతుంది కాబట్టి మాస్ బంక్ కొట్టే ముందు తరగతిలో ఎవరి శాతం ఎంతుందో లెక్క చూసుకుంటారు.

తెలుగు మాధ్యమంలో పదో తరగతి, కొన్నిసార్లు ఇంటర్ కూడా చదివి వచ్చిన విద్యార్థికి ఫస్టియర్ అతి పెద్ద గండం. లెక్చరర్ పాఠం తెలుగులో చెప్పినా పరీక్ష ఇంగ్లీషులో రాయాలి. అందుకే సీనియర్ల నోట్సు, బిట్ బ్యాంకులు, పాత ప్రశ్నపత్రాల జిరాక్సులకు గిరాకీ. ఫస్టియర్‌లో పేరుకున్న బ్యాక్‌లాగులను థర్డియర్ దాకా సప్లీలు రాసి తీర్చుకునేవాళ్లు చాలామంది. ఒక్క బ్యాక్‌లాగు ఉన్నా క్యాంపస్ ఇంటర్వ్యూకు కూర్చోనివ్వని కంపెనీలుంటాయి కాబట్టి ఫలితాలు వచ్చే రాత్రి సర్వర్ మొరాయిస్తుంటే హాస్టళ్లలో ఎవరికీ నిద్ర ఉండదు.

పండుగలు, వేడుకలు

ఫ్రెషర్స్ డే, ఫేర్‌వెల్, ట్రెడిషనల్ డే, యాన్యువల్ డే ప్రతి కాలేజీలో ఉన్నవే. 2007లో వచ్చిన శేఖర్ కమ్ముల సినిమా హ్యాపీడేస్ ఇంజినీరింగ్ క్యాంపస్ గురించి ఒక ఊహాచిత్రాన్ని తెలుగు ఊళ్లన్నిటికీ చేరవేసింది. ఆ తర్వాత చేరిన విద్యార్థులు ఆ సినిమాలోని కాలేజీని వెతుక్కుంటూ వచ్చి, రహదారి పక్క పొలాల మధ్య తమదైన కాలేజీని తయారుచేసుకున్నారు. సాంకేతిక పోటీలకు, పెద్ద ఉత్సవాలకు వరంగల్ ఎన్ఐటీలో జరిగే టెక్నోజియాన్, స్ప్రింగ్ స్ప్రీ ఈ ప్రాంతపు విద్యార్థులకు అందుబాటులో ఉన్న వేదికలు.

అన్ని వేడుకల్లోకీ ఈ ప్రాంతానిదని చెప్పదగింది కాలేజీ బతుకమ్మ. అసలు పండుగ భాద్రపద అమావాస్య నాటి ఎంగిలిపూలతో మొదలై సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. అప్పటికి దసరా సెలవులు వచ్చేస్తాయి కాబట్టి కాలేజీలు సెలవులకు ఒకరోజు ముందే పండుగ చేస్తాయి. ముందురోజు సాయంత్రం అమ్మాయిలు, వాళ్ల తమ్ముళ్లు, తరగతిలోని అబ్బాయిలు చెరువు గట్ల మీద కోసిన గునుగు, తంగేడు మూటలు కట్టుకొస్తారు. తెల్లటి గునుగు కాడలను సమంగా కత్తిరించి, పిడికెడు చొప్పున దారంతో కట్టి, బకెట్లలో కలిపిన గులాబి, ఆకుపచ్చ, నీలం రంగు నీళ్లలో ముంచి నీడన ఆరబెడతారు. తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి, చుట్టూ తంగేడు వరుస, దానిమీద రంగుల గునుగు, బంతి, కట్ల పూలు పేర్చుకుంటూ పోతారు. మధ్యలో ఆకులూ కాడలూ కూరి గట్టిపరుస్తారు. పైన పసుపు గౌరమ్మను నిలుపుతారు. కంప్యూటర్ సైన్స్ వాళ్లదొకటి, ఎలక్ట్రానిక్స్ వాళ్లదొకటి, సివిల్ వాళ్లదొకటి. ఎవరిది ఎత్తుగా, నిండుగా ఉంటే వాళ్లకు బహుమతి. మామూలు రోజుల్లో కారిడార్‌లో మాట్లాడుకోవడానికి కూడా జంకే అమ్మాయిలు ఆ సాయంత్రం లెక్చరర్లతో కలిసి మైదానం మధ్యలో చప్పట్లు కొడుతూ తిరుగుతారు. ఈ రోజున మాత్రం అబ్బాయిలు చుట్టూ నిలబడి చూసేవాళ్లే.

ఆదిలాబాద్ వైపు కాలేజీల వేడుకల్లో గుస్సాడీ నృత్యం ప్రధానం. దీపావళి ముందు దండారీ రోజుల్లో గోండు గూడేల్లో నెమలి ఈకల కిరీటాలతో ఆడే ఈ నృత్యం యాన్యువల్ డే వేదికల మీదికీ వచ్చింది. మార్లవాయికి చెందిన గుస్సాడీ కళాకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ రావడంతో ఆదివాసీ విద్యార్థుల్లో ఆత్మగౌరవం పెరిగింది. గుస్సాడీని వేదిక మీద మూడు నిమిషాల కార్యక్రమంగా కుదించడం పట్ల అభ్యంతరం ఉన్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల దృష్టిలో అది ప్రదర్శన కాదు, దీక్ష. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతర జరిగే రోజుల్లో ఇంద్రవెల్లి, ఉట్నూరు ప్రాంతాల కాలేజీల్లో హాజరు పడిపోతుంది. రెండేళ్లకోసారి మేడారం జాతర వచ్చినప్పుడు రెండు ప్రాంతాల కాలేజీలదీ అదే పరిస్థితి.

భాష

క్యాంపస్ మాట తెలంగాణ యాసే. “మిడ్‌కు చదివినవా రా?” అంటే “ఏడ చదివిన, రికార్డులే ఒడువలేదు” అన్నది ఏ కారిడార్‌లోనైనా వినిపించే సంభాషణ. సీనియర్లను అన్నా, అక్కా అని, లెక్చరర్లను సార్, మేడం అని పిలుస్తారు. డ్రైవరు, క్యాంటీన్ యజమాని కూడా అన్నలే. తోటివాడు మామ. సెమినార్ ఇవ్వడానికి లేచిన విద్యార్థి సినిమా తెలుగులోకో, పుస్తకాల ఇంగ్లీషులోకో మారడం ఒకప్పుడు రివాజు. రాష్ట్ర ఏర్పాటు తర్వాత యాసలో మాట్లాడటానికి జంకు తగ్గింది. కరీంనగర్‌లో ఉర్దూ, ఆదిలాబాద్‌లో ఉర్దూతో పాటు మరాఠీ, గోండి, లంబాడీ మాటలు తరగతి గదుల్లో కలిసిపోతాయి. మహారాష్ట్ర సరిహద్దు మండలాల విద్యార్థి మరాఠీలో జోకు చెప్పి తెలుగులో దాన్ని వివరించడం అక్కడ వింతేమీ కాదు.

యాసకు వచ్చిన ఈ గౌరవంలో యూట్యూబ్ పాత్ర ఉంది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 2012లో మొదలైన మై విలేజ్ షో పల్లె మాటను, పల్లె హాస్యాన్ని తెలుగువాళ్లందరికీ పరిచయం చేసింది. గంగవ్వ, అనిల్ జీల దాని ద్వారానే ప్రసిద్ధులయ్యారు. దాన్ని చూసి లఘుచిత్రాలు, జానపద పాటల వీడియోలు తీసే విద్యార్థి బృందాలు ప్రతి కాలేజీలో తయారయ్యాయి. మానేరు తీరం, పొలం గట్లు, పాత కోటలే వాళ్లకు స్టూడియోలు.

విద్యార్థి రాజకీయాలు

1970లలో ఈ ప్రాంతం విద్యార్థి ఉద్యమాలకు కేంద్రమైంది. ఆ దశాబ్దపు మధ్యలో ఏర్పడిన రాడికల్ విద్యార్థి సంఘం ‘గ్రామాలకు తరలండి’ పిలుపుతో సెలవుల్లో విద్యార్థులను పల్లెలకు పంపింది. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో జరిగిన రైతుకూలీల జైత్రయాత్ర వెనుక ఈ ప్రచారం ప్రభావం ఉంది. ఆ అక్టోబరులోనే ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల ప్రాంతాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. తర్వాతి రెండు దశాబ్దాల నిర్బంధం, ఎదురుకాల్పులు, నిషేధాలు ఇక్కడి కుటుంబాల మీద గాఢమైన ముద్ర వేశాయి. పిల్లలను రాజకీయాలకు దూరంగా ఉంచాలనుకున్న తల్లిదండ్రులకు క్రమశిక్షణ పేరుతో నడిచే ప్రైవేటు కాలేజీ నచ్చింది. ఈ ప్రాంతంలో ప్రైవేటు విద్య పెరుగుదలను ఫీజు పథకంతో మాత్రమే వివరించడం అందుకే చాలదు.

రాష్ట్రంలో కాలేజీ సంఘాలకు ప్రత్యక్ష ఎన్నికలు 1980ల చివర్లో ఆగిపోయాయి. సంఘాలు మాత్రం ఉన్నాయి. ఎస్ఎఫ్ఐ, ఏబీవీపీ, ఏఐఎస్ఎఫ్, పీడీఎస్‌యూ, ఎన్ఎస్‌యూఐ వంటివి ఫీజులు, స్కాలర్‌షిప్పులు, బస్సుల మీద బంద్ పిలుపులిస్తాయి. బంద్ రోజు ప్రైవేటు కాలేజీ తంతు అందరికీ తెలిసిందే. నలుగురు నాయకులు గేటు దగ్గరికి రాగానే ప్రిన్సిపాల్ గంట కొట్టిస్తారు, బస్సులు వెనక్కి తిరుగుతాయి.

తెలంగాణ ఉద్యమం ఈ అలవాటును తాత్కాలికంగా మార్చింది. 2009 నవంబరు 29న నిరాహార దీక్షకు సిద్దిపేట బయలుదేరిన తెలంగాణ రాష్ట్ర సమితి అధినేత కె. చంద్రశేఖరరావును కరీంనగర్ దగ్గరి అలుగునూరులో అరెస్టు చేశారు. ఆ వార్తతో ప్రైవేటు కాలేజీల విద్యార్థులు కూడా రోడ్ల మీదికి వచ్చారు. 2011లో 42 రోజుల సకల జనుల సమ్మె, రహదారుల మీద వంటావార్పులు, ధూంధాం పాటలు ఆ తరం విద్యార్థులకు తరగతి గది బయటి చదువయ్యాయి. రాష్ట్రం వచ్చాక వాళ్ల ఆశలన్నీ ఉద్యోగ నోటిఫికేషన్ల మీదికి మళ్లాయి.

భద్రత, క్రమశిక్షణ

ర్యాగింగ్‌ను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే చట్టం చేసి నిషేధించింది. 2009లో యూజీసీ నిబంధనలు వచ్చాయి. కాలేజీల్లో కమిటీలు, గోడల మీద ఫోన్ నంబర్లు ఉంటాయి. డే స్కాలర్ కాలేజీల్లో ర్యాగింగ్ బస్సులో పాట పాడించడం వంటి రూపంలో, హాస్టళ్లలో ఇంకాస్త తీవ్రంగా కనబడుతుంది. అబ్బాయిలు, అమ్మాయిలు మాట్లాడుకోవడం మీద కాలేజీల ఆంక్షలు ఒక్కోచోట ఒక్కో రకం. విడివిడి మెట్లు, విడివిడి క్యాంటీన్ బల్లలు పెట్టిన కాలేజీలూ ఉన్నాయి. వీటిని తల్లిదండ్రులు భరోసాగా చూస్తారు, విద్యార్థులు అవమానంగా చూస్తారు.

తీరిక, ఉద్యోగాలు, వలస

తీరిక దొరికితే కరీంనగర్ విద్యార్థులు మానేరు డ్యాం కట్టకు, ఎలగందుల ఖిల్లాకు, 2023లో ప్రారంభమైన తీగల వంతెనకు వెళతారు. ఆదిలాబాద్ వైపు కుంటాల, పొచ్చెర జలపాతాలు, జన్నారం అడవి, బాసర గోదావరి ఘాట్ ఉన్నాయి. కార్తీకంలో వనభోజనాలు, పరీక్షల ముందు కొండగట్టు అంజన్న దర్శనం, ఫలితాల తర్వాత వేములవాడలో కోడె మొక్కు కాలేజీ క్యాలెండరులో రాయని అంశాలు.

చదువు ముగిశాక దారి ఎక్కువగా హైదరాబాద్‌కే. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో కొన్ని నెలలు గడిపి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెతుక్కోవడం ఒక దారి, గ్రూప్స్, కానిస్టేబుల్, డీఎస్సీ పరీక్షలకు కూర్చోవడం రెండోది, విద్యారుణంతో అమెరికా వెళ్లడం మూడోది. స్థానికంగా ఉద్యోగాలు కల్పించాలన్న ఉద్దేశంతో కరీంనగర్‌లో 2020లో ఐటీ టవర్ ప్రారంభించారు. నైపుణ్యాల శిక్షణకు రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టాస్క్ కాలేజీలతో కలిసి పనిచేస్తోంది.

ఇటీవలి పరిణామాలు

2010ల మధ్యలో ఇంజినీరింగ్ సీట్లు మిగిలిపోవడం, 2014లో జేఎన్‌టీయూ వందకు పైగా కాలేజీలకు అనుబంధ గుర్తింపు నిరాకరించడంతో ఈ రంగం కుదుపుకు లోనైంది. మిగిలినవాటిలో చాలావరకు కంప్యూటర్ సైన్స్, కృత్రిమ మేధ కోర్సుల వైపు మళ్లాయి. సివిల్, మెకానికల్ విభాగాల్లో తరగతులు పలుచనయ్యాయి. మరోవైపు ప్రభుత్వ రంగం విస్తరించింది. నాచుపల్లి, మంథనిల తర్వాత సిరిసిల్లలోనూ జేఎన్‌టీయూ కాలేజీ వచ్చింది. 2022 నవంబరులో జగిత్యాల, రామగుండం, మంచిర్యాలల్లో, 2023 సెప్టెంబరులో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి.

ప్రైవేటు విశ్వవిద్యాలయాల రాకతో ఈ ప్రాంతపు విద్యార్థుల మధ్య కొత్త విభజన ఏర్పడుతోంది. ఫీజు భరించగలిగినవాళ్లు అనంతసాగర్‌కో హైదరాబాద్ శివార్లకో వెళ్లి ఆవాస క్యాంపస్‌లో చదువుతున్నారు. ఆర్టీఎఫ్ మీద ఆధారపడినవాళ్లు రాజీవ్ రహదారి పక్క కాలేజీల్లోనే మిగులుతున్నారు. క్లబ్బులు, ఇంక్యుబేషన్ కేంద్రం, ఎంచుకునే పాఠ్యాంశాలు మొదటి వర్గానికి అందుతున్నాయి. ఊరితో, ఇంటి పనితో, రోజువారీ ప్రయాణంతో ముడిపడిన చదువు రెండో వర్గానిది. వచ్చే దశాబ్దంలో ఈ ప్రాంతపు క్యాంపస్ సంస్కృతి ఎటు మళ్లుతుందన్నది చాలావరకు రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది: రీయింబర్స్‌మెంటు డబ్బు వేళకు అందడం, చదివిన పట్టణంలోనే కొన్ని ఉద్యోగాలైనా దొరకడం.